ఇతరుల పుస్తకాలకు లె గ్విన్ రాసిన ముందుమాటలు: ఎందుకు చదవాలి, ఎప్పుడు చదవాలి

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ నవలలు ఇష్టపడి చదివానని, ఆవిడ ఇతర రచయితల పుస్తకాలకు రాసిన ముందుమాటలు చేర్చిన సంపుటి కొనాలా వద్దా అని మీరు అడిగారు. ఆ పుస్తకాలే చదవనప్పుడు వాటి ముందుమాటలతో పనేమిటన్నారు. ముందుమాట అంటే స్నేహితులు ఒకరినొకరు పొగుడుకోవడమే కదా అని కూడా సందేహపడ్డారు. చివర్లో, నవలకు ముందు చదవాలా తర్వాత చదవాలా అని ఇంకో ప్రశ్న చేర్చారు. నలభై ఏళ్లుగా సైన్స్ ఫిక్షన్ చదువుతున్నాను, కొంత అనువదించాను, నాలుగైదు పుస్తకాలకు ముందుమాటలూ రాశాను. నాకు తెలిసినంత వరకు చెబుతాను. మీరడిగిన వరసలో కాకుండా, విషయం ఎటు తీసుకువెళితే అటు వెళతాను.

మీరు చెప్పిన సంపుటి ‘వర్డ్స్ ఆర్ మై మ్యాటర్’. 2016లో వచ్చింది, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం అందుకుంది. అందులో ప్రసంగాలు, సమీక్షలు, ఒక వారం డైరీ కూడా ఉన్నాయి. ముందుమాటలకూ రచయితలపై వ్యాసాలకూ ఒక భాగం కేటాయించారు. ఆంగ్ల రచయితలు వెల్స్, హక్స్‌లీ, అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్, పోలండ్ రచయిత స్తానిస్వావ్ లెమ్, సోవియట్ రచయితలు స్ట్రుగాట్‌స్కీ సోదరులు అక్కడ కనిపిస్తారు. సైన్స్ ఫిక్షన్‌తో సంబంధం లేని రష్యన్ రచయిత పాస్టర్నాక్ కూడా ఉన్నాడు. విడివిడిగా చూస్తే ఇవి ప్రచురణకర్తలు అడిగితే రాసిచ్చిన పేజీలు. ఒకచోట కూర్చుని వరసగా చదివితే మాత్రం ఒకే మనిషి ఒకే ప్రశ్నను ఇంటింటికీ తీసుకువెళ్లి అడుగుతున్నట్టు ఉంటుంది. ఆ ప్రశ్న మీకు దొరికిందంటే ఆవిడ నవలలు కూడా కొత్తగా తెరుచుకుంటాయి. సంపుటి కొనమని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే.

ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెబుతాను. ఆంగ్ల నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్ 1924లో ఒక వ్యాసం రాసింది. రిచ్‌మండ్ నుంచి వాటర్‌లూ వెళ్లే రైలు పెట్టెలో ఒక మూల కూర్చున్న పెద్దావిడను చూసి, ఆవిడకు శ్రీమతి బ్రౌన్ అని పేరు పెట్టి, ఈవిడను పట్టుకోగలగడమే నవలాకారుడి పని అంటుంది. అయిదు దశాబ్దాల తర్వాత లె గ్విన్ ఆ పెద్దావిడను అంతరిక్ష నౌక ఎక్కించింది. 1976లో అచ్చయిన వ్యాసంలో ఆవిడ అడిగింది ఇదే: మన సైన్స్ ఫిక్షన్‌లో నౌకలున్నాయి, సామ్రాజ్యాలున్నాయి, మేధావులైన శాస్త్రవేత్తలున్నారు, మరి శ్రీమతి బ్రౌన్‌కు చోటుందా? మోకాళ్ల నొప్పులతో, ఇంటి బెంగతో, తనకంటూ ఒక మనసుతో ఉండే మామూలు మనిషి ఈ కథల్లో బతకగలదా?

ఇప్పుడు ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని ముందుమాటల్లోకి వెళ్లండి. ఫిలిప్ డిక్ గురించి ఆవిడ 1976లోనే ఒక వ్యాసం రాసింది. ‘మన ఇంట్లో పుట్టిన బోర్హెస్’ అని అందులో ఆయన గురించి అన్న మాటను ప్రచురణకర్తలు ఆ తర్వాత ఎన్నో అట్టల మీద వేసుకున్నారు. బోర్హెస్ అంటే వింత ఊహల కథలకు పేరుపడ్డ అర్జెంటీనా రచయిత. అట్ట మీద పట్టేది ఆ ఒక్క ముక్కే. అట్టకు పట్టని సంగతి వ్యాసంలో ఉంది: డిక్ పుస్తకాల్లో వీరులు ఉండరు, వీరత్వం ఉంటుంది, అక్కడ లెక్కకు వచ్చేవి మామూలు మనుషుల నిజాయితీ, నిలకడ, దయ, ఓర్పు. ‘ది మ్యాన్ ఇన్ ది హై కాసిల్’కు ఆవిడ ముందుమాట రాసింది 2015లో, ఎనభై అయిదేళ్ల వయసులో. నలభై ఏళ్ల నాటి ఇష్టాన్ని మళ్లీ తీసి, ఇంకా బతికే ఉందా అని చూసుకున్న పేజీలవి. ఇద్దరూ కాలిఫోర్నియాలోని బర్క్‌లీ హైస్కూల్లో ఒకే ఏడాది, 1947లో, చదువు ముగించారు. అయినా అప్పట్లో ఒకరికొకరు తెలియదు. ఒకే బడి మెట్లు దిగి వెళ్లిన ఇద్దరు చివరికి కలుసుకున్నది కాగితం మీదే.

ఇక ఈ సంపుటి మొత్తంలో నాకు ప్రాణమైన ముందుమాట గురించి చెప్పాలి. అర్కాదీ, బోరిస్ స్ట్రుగాట్‌స్కీ సోదరుల ‘రోడ్‌సైడ్ పిక్నిక్’కు 2012లో వచ్చిన కొత్త ఆంగ్లానువాదం కోసం రాసినది. ఈ నవల చుట్టూ ఇంతమంది రచయితలు చేరి మాట్లాడారు కాబట్టి, ముందుమాటలు ఎలా పనిచేస్తాయో చూడడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నవల తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. ఎవరో, ఎక్కడినుంచో వచ్చి, భూమి మీద ఆరు చోట్ల కొద్దిసేపు ఆగి వెళ్లిపోయారు. మనుషులను పలకరించలేదు, పట్టించుకోలేదు. వాళ్లు ఆగిన జోన్లలో అర్థంకాని వస్తువులు, ప్రాణాలు తీసే ఉచ్చులు మిగిలాయి. వాటిని దొంగతనంగా ఏరుకొచ్చి అమ్ముకునేవాళ్లను స్టాకర్లు అంటారు. హార్మాంట్ అనే ఊళ్లో రెడ్ షూహార్ట్ అలాంటివాడు. అతను తెచ్చే వస్తువుల్లో ఒకటుంది: సాసరంత రెండు రాగి బిళ్లలు, వాటి మధ్య జానెడుకు పైగా ఖాళీ. ఆ ఖాళీలో ఏమీ లేదు, చెయ్యి పెడితే అవతలికి వచ్చేస్తుంది. కానీ బిళ్లలను దగ్గరకు నొక్కలేరు, దూరంగా లాగలేరు. ఏదో బలం వాటిని అలా పట్టి ఉంచుతుంది. ఈ ఒక్క వస్తువు నాకు సైన్స్ ఫిక్షన్‌లో వచ్చిన గొప్ప యంత్రాలన్నింటికంటే ఎక్కువగా గుర్తుంది. ఇదంతా ఏమిటంటే, దారి పక్కన ఆగి పిక్నిక్ చేసుకుని వెళ్లినవాళ్లు వదిలేసిన చెత్త కావచ్చునని, అడవిలోని జంతువులకూ పురుగులకూ ఆ చెత్త ఎలా ఉంటుందో మనకూ అలాగేనని ఒక శాస్త్రవేత్త మందు గ్లాసు ముందు కూర్చుని అంటాడు. నవలకు ఆ పేరు అక్కడినుంచే వచ్చింది.

ఈ నవల మొదటిసారి ఇంగ్లీషులో వచ్చింది 1977లో. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత థియొడోర్ స్టర్జన్ దానికి ముందుమాట రాశాడు. అదే ఏడాది లె గ్విన్ దాన్ని ఒక పత్రికలో సమీక్షించింది. ముప్పై అయిదేళ్ల తర్వాత కొత్త అనువాదానికి ముందుమాట అడిగినప్పుడు, అందులో కొంత భాగం పాత సమీక్షలోంచే తీసుకున్నానని ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. నేను చాలాసేపు ఆగిపోయింది ఇక్కడే. మధ్యలో సోవియట్ యూనియన్ పోయింది, అన్నదమ్ముల్లో పెద్దవాడు అర్కాదీ 1991లో పోయాడు, ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది. అయినా 1977 నాటి మాట 2012లో అచ్చుకు పనికొచ్చిందంటే, అప్పుడు ఆవిడ గాలివాటున రాయలేదని అర్థం. ఆ రోజుల్లో సోవియట్ పుస్తకం అనగానే అమెరికాలో రెండే చూపులుండేవి: ప్రచారమని తోసెయ్యడం, లేదా ప్రభుత్వం మీద రహస్య వ్యంగ్యమని ఎత్తిపట్టుకోవడం. ఆవిడ మూడో మాట అంది. ఈ అన్నదమ్ములు సిద్ధాంతాలను లెక్కచెయ్యనట్టు రాశారని, స్వేచ్ఛ ఉన్న మనుషులు ఎలా రాస్తారో అలా రాశారని, ప్రజాస్వామ్య దేశాల్లోని రచయితలకే అది కష్టమవుతున్న కాలంలో ఆ పని చేశారని గుర్తించింది. వెంటనే శ్రీమతి బ్రౌన్‌ను వెతికింది. ఈ నవలలో నాయకుడు శాస్త్రవేత్త కాదు, సైనికుడు కాదు, కష్టాల్లో నలిగిన మామూలు మనిషి. ఈ పుస్తకం వచ్చిన రోజుల్లో సైన్స్ ఫిక్షన్‌లో అది అరుదన్న సంగతిని ఆవిడ ప్రత్యేకంగా పట్టి చూపిస్తుంది.

ఇదే నవలకు పోలండ్‌లో స్తానిస్వావ్ లెమ్ మలిమాట రాశాడు. ‘సొలారిస్’ రాసిన లెమ్. 1970లలో క్రాకోవ్‌లోని ఒక ప్రచురణ సంస్థ ‘స్తానిస్వావ్ లెమ్ సిఫార్సు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక వరస నడిపింది. పుస్తకాలను లెమ్ ఎంచేవాడు, వాటి చివర వ్యాసాలు రాసేవాడు. డిక్ ‘యూబిక్’ 1975లో అలా వచ్చింది, లె గ్విన్ మాంత్రికుల కథల వరస ఎర్త్‌సీలో మొదటి నవల 1976లో, స్ట్రుగాట్‌స్కీల పుస్తకం 1977లో. మలిమాటలో లెమ్ లె గ్విన్ చూసిన మనుషులవైపు ఎక్కువసేపు చూడడు. ఆయనను పట్టుకున్నది చిక్కుముడి. వచ్చినవాళ్లను చూపించకుండా, వాళ్ల రహస్యాన్ని చివరి వరకూ కాపాడినందుకు ముందు మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాడు. తర్వాత నవలలోని పాత్రలతోనే వాదానికి దిగుతాడు. పిక్నిక్ చెత్త అన్న వివరణ సరిపోదంటాడు. మనుషులెవరూ లేని ఒక నౌక, వేరే నాగరికత పంపిన వస్తువులతో భూమి దగ్గరికి వచ్చి, చెడిపోయి ఆరు ముక్కలై పడి ఉండవచ్చు కదా అని తన ఊహను నిలబెడతాడు. అదే నిజమైతే అవి చెత్త కావు, దారిలో పగిలిపోయిన కానుకలు. నవల ముగింపు అద్భుత కథలవైపు జారిందని కూడా నిర్మొహమాటంగా చెబుతాడు. తాను ఎంచి, తానే సిఫార్సు చేసిన పుస్తకం చివరి పేజీల్లో ఈ మాట అచ్చువేయించాడు. పొగడ్తలే కదా అన్న మీ సందేహానికి ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

ఈ వ్యాసంలో మీకు కనిపించేది ‘సొలారిస్’ రాసిన మనసే. మనిషి బుద్ధికి అందనిది ఎదురైతే బుద్ధి ఏం చేస్తుందన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. లె గ్విన్‌కు అదే పుస్తకంలో మనిషి కనిపించాడు, లెమ్‌కు జ్ఞానం అంచు కనిపించింది. ఇద్దరూ తప్పు చదవలేదు.

2012 ముద్రణ చివర బోరిస్ రాసిన మలిమాట కూడా ఉంది. ఆయనకు ఆ పుస్తకం అనగానే గుర్తొచ్చేది వేరు. నవల 1972లో పత్రికలో వచ్చింది, పుస్తకంగా రావడానికి 1980 దాకా పట్టింది. ఆ ఎనిమిదేళ్లూ సంపాదకులతో నడిచిన ఉత్తరాలు, అభ్యంతరాల జాబితాలు ఆయన వివరిస్తాడు. పాత్రల అనైతిక ప్రవర్తన, శారీరక హింస, మోటు మాటలు అని మూడు పద్దుల కింద పేజీల వారీగా రాసి పంపారట. రాజకీయం గురించి ఒక్క ముక్క లేదు, తాగుబోతు భాష మాట్లాడితే అభ్యంతరం! అది చదివాక లె గ్విన్ ముందుమాటకు తిరిగి వెళితే, ‘స్వేచ్ఛగా రాశారు’ అన్న ఆవిడ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. కొత్త ముద్రణ వచ్చిన 2012లోనే, నవంబరులో, బోరిస్ కన్నుమూశాడు.

నా దగ్గరున్న 1977 నాటి ప్రతి హైదరాబాదులో ఆబిడ్స్ ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్నది. మొదటి కొన్ని పేజీలు ఊడిపోయాయి. అందువల్ల నేను నవలను ఏ ముందుమాటా లేకుండా చదివాను. ఏళ్ల తర్వాత కొత్త ముద్రణ చేతికొచ్చినప్పుడు ముందు బోరిస్‌ను, తర్వాత లె గ్విన్‌ను, ఆ తర్వాత లెమ్‌ను చదివి, పాత ప్రతి తీసి నవలను మళ్లీ మొదలుపెట్టాను. రాగి బిళ్లల పేరా పక్కన పెన్సిలుతో గీసిన గీత ఉంది, నేను గీసిందే. మొదటిసారి అది ఒక వింత వస్తువు. రెండోసారి, లెమ్ చెప్పిన పగిలిన కానుక కళ్లముందుకొచ్చింది. ఆ పేరా చదువుతూ గొంతు పట్టేసింది.

ముందుమాట రాసేవాడు పొరపడితే ఏమవుతుంది? దానికీ ఒక ఉదాహరణ ఉంది, ఈ రంగంలో అందరికీ తెలిసినదే. 1970లలో జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ అనే రచయిత అద్భుతమైన కథలు రాస్తున్నాడు, మనిషి మాత్రం ఎవరికీ కనిపించడు. ఉత్తరాలే. ఆడమనిషి అయివుండవచ్చని గుసగుసలు వచ్చాయి. 1975లో ఆ కథల సంపుటికి మరో సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ ముందుమాట రాస్తూ ఆ ఊహను కొట్టిపారేశాడు. ఈ రాతలో తప్పించుకోలేని మగతనం ఉందన్నాడు. జేన్ ఆస్టిన్ నవలలు మగవాడు రాశాడనీ, హెమింగ్వే కథలు ఆడది రాసిందనీ ఊహించలేను, ఇదీ అంతేనన్నాడు. 1976 చివర్లో టిప్‌ట్రీ అమ్మగారు చనిపోయారు. ఆ సంగతి ఉత్తరాల్లో ప్రస్తావనకు రావడం, అభిమానులు పత్రికల్లో మరణవార్తలు వెతకడంతో గుట్టు బయటపడింది. టిప్‌ట్రీ అసలు పేరు ఆలిస్ షెల్డన్, అప్పటికి అరవై దాటిన స్త్రీ, ఒకప్పుడు అమెరికా గూఢచారి సంస్థలో పనిచేసిన మనిషి, మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు ఉన్నది. టిప్‌ట్రీ అన్న పేరు మార్మలేడు సీసా మీద చూసి పెట్టుకున్నదట.

సిల్వర్‌బర్గ్ ఆ ముందుమాటను చింపెయ్యలేదు. తర్వాతి ముద్రణలో దాన్ని అలాగే ఉంచి, దాని కింద తన పొరపాటును ఒప్పుకుంటూ కొత్త మాట చేర్చాడు. రచనలో ఆడతనం, మగతనం అని మనం అనుకునే లెక్కలన్నింటినీ ఆవిడ ప్రశ్నార్థకం చేసిందని రాశాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉన్న ప్రతి నా దృష్టిలో చాలా విలువైనది. ఒక రచయిత తన చదువు తప్పిందని అచ్చులో ఒప్పుకోవడం మనం ఎన్నిసార్లు చూస్తాం? టిప్‌ట్రీ తర్వాతి సంపుటికి, 1978లో, ముందుమాట రాసింది లె గ్విన్. అసలు సంగతిని షెల్డన్ ముందుగా చెప్పుకున్న కొద్దిమందిలో ఆవిడ ఒకరు. ఏళ్ల తరబడి ఉత్తరాల స్నేహం వాళ్లది. ఇది స్నేహంతో రాసిన ముందుమాటే, ఆ స్నేహాన్ని దాచలేదు కూడా. స్నేహం ఉండడం తప్పు కాదు. దాన్ని తీర్పు వేషంలో చూపిస్తే తప్పు.

ఆవిడ ఒప్పుకోనివి కూడా చూడండి. 1987లో ఒక కథల సంకలనం అట్టకు నాలుగు మాటలు రాయమని అడిగారు. ఒక్క రచయిత్రి కథ కూడా లేని పుస్తకం. ఆవిడ నిరాకరిస్తూ చిన్న ఉత్తరం రాసింది. ఇది మగవాళ్ల క్లబ్బులా ఉంది, అయ్యా, ఇక్కడ నాకు చోటు లేదు అని దాని సారాంశం. తన పేరు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలిసినవాళ్ల ముందుమాటకే విలువ. లెమ్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లెమ్ అమెరికన్ సైన్స్ ఫిక్షన్‌ను కటువుగా విమర్శించేవాడు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఆయనకిచ్చిన గౌరవ సభ్యత్వాన్ని 1976లో తీసేసింది. అందుకు నిరసనగా లె గ్విన్ తన కథను అదే సంఘం ఇచ్చే నెబ్యులా పురస్కారం పోటీ నుంచి వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది ఆ విభాగంలో పురస్కారం అసిమోవ్‌కు వెళ్లింది. లెమ్ తన ఎర్త్‌సీకి మలిమాట రాశాడు కాబట్టి బదులు తీర్చుకుందని అనుకుంటే ఆవిడను చాలా తక్కువ అంచనా వేసినట్టే. విమర్శించే హక్కు కోసం ఆవిడ నిలబడింది.

డిక్ మాత్రం లెమ్‌ను నమ్మలేదు. తనను అంతగా మెచ్చుకున్న మనిషి గురించే 1974లో ఎఫ్‌బీఐకి ఉత్తరం రాశాడు: లెమ్ అనేవాడు ఒక మనిషి కాదు, ఆ పేరుతో ఒక కమిటీ పనిచేస్తోందని. ఆ తర్వాతి ఏడాదే ‘యూబిక్’ లెమ్ మలిమాటతో పోలండ్ పాఠకుల చేతికి వెళ్లింది. ఆ పుస్తకం మీద లెమ్ ప్రేమ చెక్కుచెదరలేదు.

పుస్తకాలు చదవకుండా ముందుమాటలు చదవవచ్చా అన్నారు. మన తెలుగు పాఠకులకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. ‘మహాప్రస్థానం’ తెరవకముందే చలం ‘యోగ్యతాపత్రం’ నోటికి వచ్చినవాళ్లను నేను ఎందరినో చూశాను. కవిత్వాన్ని తూచే రాళ్లు తన దగ్గర లేవంటూ మొదలుపెట్టిన ఆ పేజీలు తమంతట తామే ఒక రచన. లెమ్ అయితే దీన్ని చివరి అంచుకు తీసుకువెళ్లాడు. 1973లో ఆయన అసలు లేని పుస్తకాలకు ముందుమాటలు రాసి ఒక సంపుటి చేశాడు, దానికి మొదట ముందుమాటల గురించే ఒక ముందుమాట. బాక్టీరియాకు ఇంగ్లీషు నేర్పిన శాస్త్రవేత్త పుస్తకానికి ఒకటి, యంత్రాలు రాసిన సాహిత్య చరిత్రకు ఒకటి. ఇంగ్లీషులో ‘ఇమాజినరీ మాగ్నిట్యూడ్’ పేరుతో దొరుకుతుంది. లె గ్విన్ సంపుటి పూర్తయ్యాక దాన్ని తప్పకుండా పట్టుకోండి.

ఇక ఎప్పుడు చదవాలన్నది. పాత పుస్తకాలకు, వెల్స్ లాంటివారికి, ముందే చదవండి. వెల్స్ కథలను ఎంచి 2004లో లె గ్విన్ ఒక సంకలనం తెచ్చింది, దాని ముందుమాట మిమ్మల్ని నూరేళ్ల కిందటి ఇంగ్లండులోకి చెయ్యి పట్టుకుని తీసుకువెళుతుంది, ఏ కథా పాడుచెయ్యదు. రహస్యం మీద నడిచే నవలలకు మాత్రం కథ అయ్యాకే. లెమ్ వ్యాసం ముగింపును పూర్తిగా విప్పేస్తుంది కాబట్టి అది మరీ చివరికి ఉంచండి. 1984లో వచ్చిన ఆయన వ్యాసాల సంపుటి ‘మైక్రోవరల్డ్స్’లో అది ఇంగ్లీషులో ఉంది, డిక్ మీద రాసినదీ అందులోనే ఉంది.

సంపుటి కొనేముందు ‘రోడ్‌సైడ్ పిక్నిక్’ 2012 ముద్రణ సంపాదించండి. లె గ్విన్ పేజీలను అలాగే వదిలేసి, హార్మాంట్ రేడియో విలేకరి, పిక్నిక్ మాట అన్న ఆ శాస్త్రవేత్త డాక్టర్ పిల్మన్‌తో మాట్లాడే చోట మొదలుపెట్టండి.